నల్లాముక్కు అవ్వ

“నేనేం పెద్ద పని చెయ్యలే తమ్మీ. చెయ్యలేదంటే చెయ్యలే. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఒక బొమ్మ చేసిన, గంతే. పారేసిన సామానుతోని చేసి, జర రంగు పూసిన. గట్ల ఎవ్వలైనా చేస్తరు. గని గా బొమ్మ చేసిన పని మాత్రం ఇగ ఏ బొమ్మా చెయ్యలే.”

వెంకటనర్సయ్య ఇట్లా మొదలుపెట్టాడంటే దానియేలు చాయ్ బండి దగ్గర కూర్చున్నవాళ్లు ఇంకో చాయ్ చెప్పుకోవాల్సిందే. తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు తిరిగే మూల మీద ఉంటుంది ఆ బండి. దానికి ఎదురుగా నర్సయ్య దుకాణం. బోర్డులు రాస్తాడు, బండ్లకు నంబర్ ప్లేట్లు రాస్తాడు. ఉద్యమం ముదిరిన రోజుల్లో ఏపీ చెరిపించి టీజీ రాయించుకోవడానికి జనం ఆ దుకాణం ముందు స్కూటర్లు ఆపుకుని నిలబడేవాళ్లు. ఆ గర్వం ఆయన మొహం మీద ఇంకా ఆరలేదు.

ఆ పొద్దున మాత్రం నర్సయ్య ఊరికే కోతలు కోయడం లేదు. ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసై వారం కాలేదు. రాష్ట్రం వచ్చే రోజున క్యాంపస్ గేటు దగ్గర ఒక బొమ్మ నిలబెట్టాలని విద్యార్థులు అనుకున్నారు. పోతపోసిన విగ్రహం కాదు, విరిగిపోయి పారేసిన వస్తువులను కూర్చి, రంగులేసి చేసిన బొమ్మ. ఎవరితో చేయించాలో చూసి రమ్మని ఇద్దరిని పంపారు. ఒకడు కమలాకర్, చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఇంకొకామె పూర్ణిమ, లా చదువుతోంది. వాళ్ల మనసులో అప్పటికే ఒకాయన ఉన్నాడు. బొమ్మలు చేయడంలో డిగ్రీ ఉన్నవాడు. తను చేసినవన్నీ లాప్‌టాప్‌లో వరసగా చూపించాడు. ఉద్యమంలో ఒక బొమ్మ చేశాడట అని ఎవరో చెబితే నర్సయ్య దగ్గరికీ వచ్చారు. ఆయన దగ్గర చూపించడానికి ఏమీ లేదు, నోరు తప్ప.

“ఫోటో ఏమన్న ఉన్నదా నర్సన్నా?” పూర్ణిమ అడిగింది.

“ఎందుకు లేదు బిడ్డా, తీసిండ్రు. పేపరాయన కెమెరా కంటికి పెట్టుకున్నడు. నా బొమ్మ, గా అవ్వ మొఖం చూసిండు. కండ్లల్ల నీళ్లు ఆగలే. నీళ్లు కెమెరా లోపటికి పోయినయి. ఖరాబైంది. ఆగు, గది ఎనుక వస్తది. మొదటి సంది చెప్తా.”

బల్ల చివర సుందరరావు పేపర్ చదువుకుంటున్నాడు. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, తార్నాకలోనే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరైన మనిషి. రోజూ క్యాంపస్‌లో నడిచి, దానియేలు దగ్గర చాయ్ తాగి ఇంటికి పోతాడు. నర్సయ్య మాటలు ఆయనకు కొత్త కాదు. తల ఎత్తలేదు.

“సకల జనుల సమ్మె యాదున్నది గద. బస్సులు బంద్, బడులు బంద్, నా దుకాణం గూడ బంద్. రోడ్ల మీదనే వండుడు, రోడ్ల మీదనే తినుడు. ఆర్ట్స్ కాలేజీ ముంగట వంటా వార్పు పెట్టిండ్రు. హాస్టల్ పోరగాండ్లు నా కాడికొచ్చి, ‘నర్సన్నా, పొయ్యి కాడ నిలబెట్టనీకి ఒక బొమ్మ కావాలె, మస్తు కోపంగ ఉండాలె, చూస్తె గవర్నమెంటుకు చెమట పట్టాలె’ అన్నరు. నేను బోర్డులు రాసేటోన్ని, బొమ్మలు నాకేం ఎరుక అన్న. వింటరా? గుంజుకపోయిండ్రు.

“మరి సామాను ఏది? హాస్టల్ ఎనుకకు పోయిన. ఎన్నేండ్ల సంది పారేసిందో గాడ గుట్ట పడి ఉన్నది. నేను సామాన్ను చూసిన, సామాను నన్ను చూసింది. విరిగిన మంచాల పట్టీలు కనబడ్డయి. ఎన్నుపూస, చేతులు అయినయనుకో. మెస్సుల అన్నం వండే పెద్ద గంజు బొక్కపడి బోర్ల ఉన్నది. కడుపు అయింది. సిమెంటు మోసే ఇనుప తట్ట బోర్లిస్తె మొఖం. ఆటో హెడ్‌లైట్లు రెండు కండ్లు. లారీ ఎనుక ఎర్రగ మెరుస్తది చూడు, రిఫ్లెక్టరు, గది బొట్టు. పగిలిన కుక్కర్ల రబ్బర్లు చేతులకు గాజులు. అన్నీ దొరికినయి, ముక్కు దొరకలే. గుట్ట అంత తిరగేసిన. ఇగ గోడకు తుప్పు పట్టిన నీళ్ల నల్లా ఒకటి కనబడ్డది. పీకిన. పెట్టిన.”

“నల్లా ముక్కా?” పూర్ణిమ నవ్వింది.

“నవ్వకు బిడ్డా. ముక్కు పెట్టేదాంక గది ఇనుము. ముక్కు పెట్టినంక గది మనిషి. నేను ఒక అడుగు ఎనుకకు జరిగిన, అమ్మతోడు. ఇగ జుట్టు. పాత క్యాసెట్లు సంచెడు దొరికినయి, ధూంధాం పాటలయి. రీలు గుంజి గుంజి కొప్పు పెట్టిన. గాలి రాంగనే కొప్పుల నుంచి పాట వినబడ్డది. సన్నగ.”

“టేప్‌రికార్డర్ లేకుండనా?” దానియేలు గ్లాసులు కడుగుతూ అడిగాడు.

“గాలే టేప్‌రికార్డరు. నువ్వు నడ్మల రాకు. చీర సంగతి వినుండ్రి. హబ్సిగూడ దాంక కట్టిన ఫ్లెక్సీలన్నీ దింపిచ్చిన. లీడర్ల మొఖాలు లోపటికి తిప్పి, పైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పూలు వేసిన. మా భారతమ్మ దబ్బనంతోని కూసొని కుట్టింది. ఇంటామె కుట్టిందంటే ఇగ ఊసిపోదు, ఆమె కోపం నాకెరుక. కొంగు మిగిలింది, మిగిలిన కొంగును పందిరి లెక్క పొయ్యి పక్కకు పరిచి గుంజలకు కట్టినం.

“ఇగ అసలు పని మొఖం. కోపం తేవాలె. ఎర్ర రంగు, నల్ల రంగు కలిపి కనుబొమ్మలు లేపిన. దూరం పోయి చూసిన. కోపం రాలే, పన్ను నొప్పి వచ్చినట్టున్నది. తుడిచిన. పండ్లు కొరికినట్టు గీసిన. సర్కస్‌ల జోకర్ అయింది. తుడిచిన. పోరగాండ్లు నవ్వబట్టిరి. పొద్దు మునగబట్టె. నాకు ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు.

“గప్పుడు మా అమ్మ యాదికొచ్చింది. చిన్నప్పుడు నేను ఆటలకు పోయి పొద్దుగూకినంక ఇంటికొస్తె గడప మీద నిలబడి ఉండేది. కండ్లల్ల నిప్పులు, చేతుల గంటె. ఇగ కొడ్తది అనుకునేటోన్ని. దగ్గరికి పోయినంక ‘తిన్నవారా?’ అనేది. గా మొఖం తమ్మీ. పైన కోపం, కింద అన్నం. కనుబొమ్మలు కోపంగనే గీసిన. పెదవులు మాత్రం ‘తిన్నవారా’ అనేటప్పుడు ఎట్ల తెరుచుకుంటయో గట్ల గీసిన. చేతుల గంటె పెట్టిన. కుంచె కింద పడేసిన.”

పూర్ణిమ చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. కమలాకర్ ఏదో అడగబోయి ఆగాడు. నర్సయ్య కూడా అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఎదుటివాళ్ల మొహాల్లో ఆ మెత్తదనం చూడగానే ఆయనకు ఊపు వచ్చింది. ఊపు వచ్చిన నర్సయ్యను ఆపడం ఎవరి తరం?

“ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? రంగు ఆరకముందే ఒక కుక్క వచ్చి కాళ్ల కాడ పండుకున్నది. మెస్సుల పని చేసే సాలమ్మ వచ్చి ‘అయ్యో, మా అమ్మనే’ అని కండ్లు తుడుచుకున్నది. కరీంనగర్ పోరడు మా అమ్మ అన్నడు, పాలమూరు పోరడు గాదు మా అమ్మ అన్నడు, ఇద్దరు అంగీలు పట్టుకున్నరు. తెల్లారేసరికి చూడనీకి వచ్చినోళ్ల లైను అడిక్‌మెట్ దాంక. పగటియాళ్లకు కాచిగూడ స్టేషన్ దాంక. స్టేషన్ల కూలీలకు గిరాకీ లేకుండె గద సమ్మెల, లైన్ల ముసలోళ్లను మోసిండ్రు.”

“గంత మందికి చాయ్ ఎవరు పోసిండ్రు?” దానియేలు అడిగాడు.

“నువ్వే పోసినవ్.”

“నాకు యాదికి లేదే?”

“రష్షుల యాదుండదు. ఇగ పోలీసులు వచ్చిండ్రు తమ్మీ. వ్యాన్ల మీద వ్యాన్లు. పెద్ద ఆఫీసరు జీపుల నుంచి దిగి ‘కొట్టుండ్రి’ అన్నడు. మొదటి వరుస లాఠీలు లేపింది. లేపి అవ్వ దిక్కు చూసింది. లాఠీలు గాలిలనే ఆగినయి. ఒక హెడ్ కానిస్టేబులు, గింతగింత మీసాలు, ‘అమ్మా, పొద్దుగాల తినకుండనే డ్యూటీకి వచ్చిన’ అన్నడు. లాఠీ కింద పెట్టి కూసున్నడు. ఆయన పక్కకు ఇంకొకడు, వాని పక్కకు ఇంకొకడు. పంక్తి అయింది. ఆకులు వేసినం. మరి లాఠీలు దండుగ పోవాల్నా? పొయ్యిల పెట్టినం. మంచిగ ఎండిన కట్టెలు. పప్పు చిటికెల ఉడికింది.”

“పెద్ద ఆఫీసరు?” పూర్ణిమ అడిగింది.

“జీపుల కూసొని ఇంటికి ఫోన్ కొట్టిండు. ‘అమ్మా, మోకాళ్ల నొప్పులు ఎట్లున్నయే’ అని గంటసేపు మాట్లాడిండు. గని ఎనుక వరుసల ఒకనికి అవ్వ కనబడలే. గ్యాస్ గుండు పేల్చిండు. గుండు రయ్యిమని వచ్చింది. సగం దూరం వచ్చి అవ్వను చూసింది. గాలిలనే సిగ్గుపడ్డది. ఎనుకకు మర్రబోయి, మర్రలేక, పప్పు గంజుల పడ్డది. సుయ్యిమన్నది. అందరి కండ్లల్ల నీళ్లు. గ్యాస్‌కు గాదు బిడ్డా, పోపు ఘాటుకు. అసోంటి పప్పు నా జన్మల తినలే.”

పూర్ణిమ నవ్వు ఆపుకోలేక కమలాకర్ భుజం మీద కొట్టింది. కమలాకర్ కూడా నవ్వాడు కానీ, గడియారం చూసుకున్నాడు. నర్సయ్య అది గమనించాడు. గొంతు ఇంకొంచెం పెంచాడు.

“ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ల రైలు ఆగింది. గా సంగతి విన్నవా?”

“సమ్మెల రైళ్లు గూడ బంద్ పెట్టినం గద అన్నా,” అన్నాడు కమలాకర్.

“బంద్ పెట్టిన రైలే వచ్చింది, అవ్వను చూడనీకి. ప్యాసింజర్లు దిగిండ్రు, తిన్నరు, చేతులు కడుక్కున్నరు. గార్డు పచ్చ జెండా ఊపిండు. ఇంజను కదల్తలేదు. మళ్ల ఊపిండు. ఊఁహూఁ. ఇగ అవ్వనే ‘పో బిడ్డా, ఆలస్యమైతది’ అంటె కూత కూసుకుంట పోయింది. గా కూతల గూడ ఏడుపున్నది. తర్వాత రామంతాపూర్ నుంచి టీవీ కేంద్రమోళ్లు వచ్చిండ్రు. అవ్వను టీవీల చూపెట్టంగనే ఇండ్లల్ల టీవీ అద్దాలకు అన్నం ఆవిరి పట్టింది. ఆడోళ్లు కొంగుతోని తుడుస్తుండ్రు, మళ్ల పడ్తున్నది. అలిగి పండుకున్న మొగోళ్లు లేశి తిన్నరు. మన దిక్కే అనుకున్నవా? బెజవాడల, గుంటూర్ల గూడ. వాళ్లు గూడ మా అమ్మనే అన్నరు. ఔనా కాదా సుందర్రావు సార్?”

సుందరరావు పేపర్ పేజీ తిప్పాడు.

“సార్ ఒప్పుకున్నడు. ఇగ ఢిల్లీ. ఢిల్లీల పెద్దోళ్ల మీటింగు నడుస్తున్నది. గోడకు టీవీ. టీవీల అవ్వ. అవ్వ కండ్లు హెడ్‌లైట్లు గద, భగ్గుమన్నయి. ‘పిల్లలు రోడ్ల మీద కూసొని తింటుంటె మీకు మెతుకు ఎట్ల దిగుతున్నదిరా’ అన్నది. బల్ల మీద పెన్నులు వాటంతట అవే లేచినయి. గప్పుడు మొదలైన సంతకాలు మొన్న పూర్తయినయి.”

“గప్పుడు అంటే రెండువేల పదకొండు అన్నా,” కమలాకర్ అన్నాడు. “మొన్నటిదాంక సంతకాలు పెట్టిండ్రా?”

“నడ్మల ఇంకు అయిపోయింది.”

దానియేలు చేతిలో గిన్నె జారిపోయింది. పూర్ణిమ కళ్లు తుడుచుకుంది. కమలాకర్ మాత్రం ఈసారి నవ్వలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి కింద పొడుగాటి మచ్చను బొటనవేలితో నిమురుకున్నాడు.

“నర్సన్నా, నీ కథల లాఠీలు గాలిలనే ఆగినయి. నా చెయ్యి విరిగింది గూడ గా క్యాంపస్‌లనే. గా లాఠీ ఎక్కడిది మరి?”

ఆ మాటలో కోపం లేదు. నర్సయ్య ఆ మచ్చ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

“గది... వేరే దినం అయి ఉంటది తమ్మీ.”

“వేరే దినమే అన్నా. ఊకె అడిగిన.” కమలాకర్ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. “సరే, ఇయ్యాల పొద్దుగూకినంక మీటింగు ఉన్నది. మావోళ్లకు చెప్తం.”

ఆ ‘చెప్తం’ అన్న మాటకు అర్థం ఏమిటో బోర్డులు రాసేవాడికి తెలియంది కాదు. బేరం కుదరనివాళ్ల నోట రోజూ వింటాడు. నర్సయ్య చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు, తుడవడానికి ఏమీ లేకపోయినా.

పూర్ణిమకు జాలేసింది. “అన్నా, గా బొమ్మ ఇప్పుడు ఎక్కడున్నది? మేం ఒక్కసారి చూస్తె మావోళ్లకు చెప్పొస్తది.”

“బొమ్మనా?” నర్సయ్య తడుముకోలేదు. “ఢిల్లీల ఉన్నది బిడ్డా. విమానంల తీస్కపోయిండ్రు. ఇద్దరి సీట్లు పట్టింది. గాడ పెద్ద తోటల నిలబెట్టిండ్రు. ఎండ కొడ్తది, వాన కొడ్తది, మంచు పడ్తది. నేను వేసిన రంగు గోరంత గూడ లేవలే. మొఖం ఎట్లున్నదో గట్లనే ఉన్నది.”

సుందరరావు పేపర్ మడిచాడు. నెమ్మదిగా, నాలుగు మడతలు.

“మిగతాదంతా నీ ఇష్టం నర్సయ్యా. రంగు సంగతి మాత్రం అబద్ధం.”

“సార్, మీరు జర ఊకోండ్రి.”

“ఎన్నాళ్లు ఊరుకోను? రైలు ఎక్కించావు, విమానం ఎక్కించావు. ఆ బొమ్మ ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు నుంచి కదల్లేదు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.”

నర్సయ్య బల్ల మీద కూలబడ్డాడు. వెళ్లబోతున్న ఇద్దరూ ఆగారు. పూర్ణిమ, “మీరా సార్?” అంది.

“నేనేనమ్మా. రోజూలాగే నడకకి బయల్దేరితే మా ఆవిడ అరుంధతి వద్దంది. మన యాస వింటే ఎవరేమంటారో, సమ్మె అయ్యేదాకా ఇంట్లోనే నడవండి అంది. ఇంట్లో ఎంతసేపు నడుస్తాం? వెళ్లాను. వెళ్లాను గానీ భయమే. ఎవరైనా పలకరిస్తే తల ఊపడమే తప్ప నోరు తెరవలేదు. ఆర్ట్స్ కాలేజీ ముందుకి వచ్చేసరికి ఒక పక్క పిల్లలు, ఇంకో పక్క పోలీసులు. మధ్యలో ఇతని బొమ్మ. ఎవరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. అదే భయం వేసింది. ఎటువైపు నుంచైనా ఒక్క రాయి లేస్తే చాలు, అన్నట్టుంది.

“అప్పుడు వాన వచ్చింది. చినుకులు పడి, తర్వాత పెరగడం అదీ కాదు, ఒక్కసారే కుమ్మేసింది. పొయ్యిలు ఆరిపోయాయి. అక్కడ తలదాచుకోడానికి ఉన్నది ఒక్కటే, ఈ ఫ్లెక్సీల కొంగు. పిల్లలు అన్నం గంజులు లాక్కుని దాని కిందికి దూరారు. పోలీసులు ఒక నిమిషం తడిశారు. తర్వాత వాళ్లూ దూరారు. నేనూ దూరాను. ఊపిరాడటానికి లేదు. లాఠీలు అడ్డం వస్తున్నాయని పిల్లలు విసుక్కుంటే, వాటిని బయట పడేశారు.

“ఇంతలో ఆ కొంగు కుట్ల సందుల్లోంచి రంగు కారడం మొదలెట్టింది. గోడలకేసే పొడిరంగులో నీళ్లు కలిపి పూశాడు ఈయన. వానకి ఆగుతుందా? ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఎవరి నెత్తిన ఏది పడుతోందో తెలీదు. ఖాకీ చొక్కా ఏదో, కాలేజీ చొక్కా ఏదో పోల్చుకోడానికి లేదు. ముందు ఒక కానిస్టేబుల్ నవ్వాడు. పక్కవాడి ముక్కు పచ్చగా అయిందిట. తర్వాత అందరం నవ్వాం. ఒక కుర్రాడు నా చేతిలో ఆకు పెట్టి ‘తినుండ్రి సార్’ అన్నాడు. తిన్నాను. బాగుంది. మర్చిపోయి, ‘పప్పు బాగుంది బాబూ’ అనేశాను. అంత ఇరుకులో నా యాస అందరికీ వినపడింది. వెనకనించి ఎవరో, ‘ఇంకాస్త వేయించుకోండి మాస్టారూ’ అన్నారు, నన్ను ఏడిపించడానికి మా యాసలోనే. మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను. ఆ సమ్మెలో నేను గట్టిగా నవ్వింది ఆ రోజేనమ్మా.”

దానియేలు పొయ్యి మంట తగ్గించాడు.

“వాన వెలిసింది. ఆ తడి బట్టలతో, ఆ రంగులతో ఎవరికీ కొట్టుకోబుద్ధి కాలేదు. పోలీసులు వ్యాన్లెక్కారు. పిల్లలు పొయ్యి మళ్లీ అంటించుకున్నారు. బొమ్మకి మాత్రం మొహం లేదు. కనుబొమ్మలు లేవు, పెదాలు లేవు. ఉత్త తట్ట. ఈయన దాని ముందు కూర్చున్నాడు. నేను నర్సయ్యా అని పిలిస్తే పలకలేదు. తర్వాత ఆ ఇనుమంతా మళ్లీ ఆ హాస్టల్ వెనక గుట్టలోకే పోయింది.”

నర్సయ్య నేల చూస్తూ అన్నాడు.

“మళ్ల గీసిన సార్. మీరు పోయినంక. తట్ట తుడిచి మళ్ల గీసిన. ఇంటికి తెచ్చుకొని గీసిన. కోపం వస్తె అన్నం రాలే, అన్నం వస్తె కోపం రాలే. మా అమ్మది ఒక్క ఫోటో గూడ లేదు నా కాడ. ఒక్కపూట వచ్చి పోయింది.”

ఇది అబద్ధం కాదని అందరికీ తెలిసిపోయింది. నర్సయ్య ఇంత తక్కువ మాటల్లో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

పూర్ణిమ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. “అన్నా, నీకు బుద్ధి ఉన్నదా? గింత మంచి సంగతి పెట్టుకొని, రైలు ఏడ్చింది, గుండు సిగ్గుపడ్డది అని ఏంది?”

“రంగు కారిపోయిందని చెప్పాల్నా బిడ్డా? నేను పెయింటర్‌ను. నా బొమ్మ ఒక్క వానకు ఆగలే అని నా నోటితోని నేనే ఎట్ల చెప్పుకుంట? రేపు ఎవడు బోర్డు రాయిస్తడు?”

కమలాకర్ కూడా కూర్చున్నాడు. చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. “నర్సన్నా, లాప్‌టాప్ ఆయన బొమ్మలు మస్తు మంచిగున్నయి. గని గా బొమ్మల కింద ఎవ్వలు నిలబడలే. మాకు నీ అవ్వనే కావాలె. గట్లనే, కొంగుతోని. రాష్ట్రం వచ్చే యాళ్లకు వానలు గూడ మొదలైతయి. అందరం కిందికి దూరుతం.”

“మొఖం రాకపోతె?”

“రాకపోతె మళ్ల గీద్దువు. మేం పక్కకే ఉంటం.”

“మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తాను,” అన్నాడు సుందరరావు. “నేను చెబితే నమ్మదు.”

నర్సయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఈసారి తుడవడానికి ఉంది. దానియేలు ఎవరూ చెప్పకుండానే అందరికీ చాయ్ పోశాడు. కమలాకర్ గ్లాసు అందుకుంటూ, “గని ఒక్క ముచ్చట అన్నా. ఈసారి గా కచ్చా రంగు వద్దు. జర మంచి రంగు తీసుకో,” అన్నాడు.

“కచ్చా రంగు అని తీసిపారేయకు నాయనా,” అంటూ సుందరరావు చలి తగ్గినా వదలని తన స్వెటర్ అంచు పట్టుకుని భుజం దాకా పైకి లాగాడు. లోపల పాత తెల్లచొక్కా. భుజం నుంచి జేబు దాకా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసిపోయి పెద్ద మరక. “ఆ రోజు వేసుకున్నది ఇదే. మా ఆవిడ నిమ్మకాయ రుద్దింది, కిరసనాయిలు రుద్దింది, వేణ్నీళ్లలో ఉడకబెట్టింది. చొక్కా చిరుగుతోంది గానీ మరక పోలేదు. బయటికి పనికిరాక నడకకి వేసుకుంటున్నాను. బొమ్మ మీద పూట కూడా నిలవని రంగు, నా మీద ఇన్నేళ్లు నిలిచింది.”

అందరూ గొల్లున నవ్వారు. నర్సయ్య మాత్రం నవ్వలేదు. లేచి, సుందరరావు దగ్గరికి వచ్చి, ఆ మరకను రెండు వేళ్లతో పట్టుకుని నలిపి చూశాడు. వెలుతురు వైపు తిప్పి చూశాడు. గోటితో గీకాడు. వంగిన నడుము మెల్లగా నిటారయింది. మొహంలోకి పాత కళ తిరిగి వచ్చింది.

“చూసినవా తమ్మీ! ఇన్నేండ్లు ఉతికినా లేవలే. రంగుల ఏం తప్పు లేదు. గా తట్టకే పట్టుకునుడు రాలే.”